ఎనిమిదో లారీ

“ఎన్ని లారీలు?” అన్నాడు పెంచలప్రసాద్, బండి దిగకుండానే.

కృపారాణి స్లాబు సెంట్రింగ్ కిందినుంచి వంగి బయటికొచ్చింది. జుట్టు నిండా రేకుల తుప్పు. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో సుద్దముక్క.

“కాంక్రీటు ఆరు నిండు లారీలు సార్. ఏడోది నాలుగు క్యూబిక్ మీటర్లు. మొత్తం నలభై.”

“నేను ముప్పై ఎనిమిది అనుకుంటిని.”

“బీముల కింది భాగం కలపాలి. పంపు పైపులో ఉండిపోయేది కూడా కలపాలి. రెండుసార్లు కొలిచాను.”

పెంచలప్రసాద్ కాంట్రాక్టరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఏ మేడ లేచినా అందులో ఆయన చెయ్యి ఉంటుంది. డిప్లొమా చదివిన కృపారాణి చేత రెండేళ్ళుగా ఆఫీసులో బిల్లులు టైపు చేయిస్తున్నాడు. సైటు మీద లెక్క వదిలింది ఇదే మొదలు.

“విను మ్మే. ఎక్కువొస్తే మిగిలిందాన్ని రోడ్డు పక్కన పారబొయ్యాల. తక్కువొస్తే స్లాబు మధ్యలో అతుకు పడతాది, అది జన్మలో పోదు. ఈ రెండిట్లో ఏది జరిగినా మళ్ళీ సైటు మొహం చూడబాక. సరిపోయిందనుకో, ఆత్మకూరు కాంప్లెక్సు పని మొత్తం నీ చేతికిస్తా.”

“సరిపోతుంది సార్.”

“చూద్దాం.” బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

కట్టేది కల్యాణ మండపం. ముప్పై మూడు అంకణాల హాలు. కింద భోజనాలు, పైన పెళ్ళిళ్ళు. ఉదయగిరి కొండ వైపు ముఖద్వారం. యజమాని రామనారాయణ రోజూ ఉదయం తెల్లచొక్కాలో వచ్చి హాలంతా తిరిగి చూసుకుంటాడు. ఆ రోజూ వచ్చాడు. కృపారాణి మళ్ళీ లోపలికి దూరబోతుంటే పిలిచాడు.

“నైరుతి మూల కొలిచినావా అమ్మాయ్?”

“కొలిచాను సార్.”

“ఇంక ఆ పక్కకి పోబాక. పురుగూ పుట్రా ఉంటాయి.”

లోపల స్లాబు బరువు మోసే బాదుల అడవి. మనిషి వంగి నడవాలి. సెంట్రింగ్ మేస్త్రీ మస్తాన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో బాదునూ అరచేత్తో తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. నైరుతి మూలకి వచ్చేసరికి తట్టడం ఆపి కాలి బొటనవేలితో నేలను గీకాడు.

“ఈడ గ్రావెల్ కొత్తగా పోసినట్టుండాది పాపా. తేమగా ఉండాది. ఎందుకైనా మంచిదని బాదుల కింద పలకలు వేసినాలే.”

“చాలా అన్నా?”

“నా సెంట్రింగ్ కింద మీ అమ్మను తెచ్చి పడుకోబెట్టు. నిద్ర చెడితే నన్నడుగు.”

ఆమె నవ్వి, ఆ మూలకి కూడా సుద్దతో టిక్కు పెట్టింది.

మర్నాడు ఆత్మకూరు కాంక్రీటు ప్లాంటుకి వెళ్ళింది. ఊరి బయట, కంకరగుట్టల మధ్య, బూడిదరంగు పూసుకున్నట్టు నిలబడ్డ ప్లాంటు. అక్కడ లారీలు పంపే పని దయాసాగర్‌ది. ఆర్డరు రాసుకుంటూ కళ్ళజోడు మీదినుంచి చూశాడు.

“నలభయ్యా? మీ ప్రసాద్ ఎప్పుడూ రెండు తక్కువే చెప్తాడే. చివర్లో ఫోన్ చేసి ఏడుస్తాడు.”

“ఈసారి నేను చెబుతున్నాను.”

“అయితే నువ్వేడుస్తావు.” నవ్వాడు. “రేపు మధ్యాహ్నం దాకా ఒక లారీకి సరిపడా సరుకు నీ పేరు మీద అట్టే ఉంచుతా. కావాలంటే నువ్వే ఫోన్ చెయ్యి. ఇంకెవరి మాటా వినను. మూత వేసి కడిగేసినాక మాత్రం నన్నడగబాక.”

“అవసరం రాదు.”

“ఆ మాట అన్నోళ్ళందరి నంబర్లూ నా ఫోన్లో ఉండాయి.”

స్లాబు రోజు ఈశాన్యంలో కొబ్బరికాయ కొట్టి, మొదటి తట్ట రామనారాయణ చేతి మీదుగా వేయించారు. షామియానా కింద కుర్చీలు, వెనక బిర్యానీ గుండిగలు. పంపు పైపు దగ్గింది, ఉమ్మింది, తర్వాత ధారగా పోసింది. పదిమంది పారలతో లాగుతున్నారు. వైబ్రేటరు మోత చెవుల్లో దూరి మాట వినపడనివ్వడం లేదు.

కృపారాణి ముందురోజే పక్కపలకల మీద సుద్దగీతలు పెట్టుకుంది. మొదటి లారీ ఎక్కడికి రావాలో, రెండోది ఎక్కడికి రావాలో. మొదటిది గీత మీదికే వచ్చింది. రెండోదీ అంతే. నాలుగో లారీ ఖాళీ అయినప్పుడు కాంక్రీటు అంచు సుద్దగీతను తాకి ఆగింది. పెంచలప్రసాద్ వచ్చి ఆ గీతను చెప్పుతో రుద్దాడు.

“పర్వాలేదే,” అన్నాడు.

ఐదో లారీ కూడా గీత తప్పలేదు. ఆత్మకూరు కాంప్లెక్సు పిల్లర్లు అప్పుడే కృపారాణి కళ్ళముందు లేస్తున్నాయి.

ఆరో లారీ నైరుతి వైపు తిరిగింది. గీతకు బారెడు దూరంలో ఆగిపోయింది.

“డ్రైవర్ మొత్తం దించినాడా?” అరిచాడు పెంచలప్రసాద్. కృపారాణి దిగి వెళ్ళి డ్రమ్ములోకి తొంగి చూసింది. ఖాళీ. ఏడో లారీ వచ్చింది. పోశారు, లాగారు, మట్టం చేశారు. నైరుతి మూలలో గది పాటి జాగా ఇంకా బోసిగా, కమ్మీలు ఎండకి మెరుస్తూ ఉండిపోయింది.

వైబ్రేటరు ఆగింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

“నలభై అన్నావే,” అన్నాడు పెంచలప్రసాద్. గొంతు పెంచలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. “రెండుసార్లు కొలిచినానన్నావే.”

“లెక్క సరిగ్గానే ఉంది సార్.”

“సరిగ్గా ఉంటే ఆడ కమ్మీలెందుకు కనపడతన్నాయి మ్మే? ఎండకి కాంక్రీటు ఆవిరైపోయిందా? ఫోన్ చెయ్. ఇంకో లారీ.”

చేసింది. “చెప్పినానా,” అన్నాడు దయాసాగర్. “లోడ్ చేయిస్తన్నా. కాసేపట్లో బయలుదేరతాది.”

ఫోన్ పెట్టాక కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు. ఐదు లారీలు గీత మీదికి వచ్చిన లెక్క ఆరో లారీకి ఎందుకు తప్పుతుంది? ఒక కమ్మీ ముక్క తీసుకుని, ఐదంగుళాల దగ్గర దారం చుట్టి, హాలు మధ్యలో పచ్చి కాంక్రీటులోకి దించింది. దారం దగ్గర ఆగింది. నైరుతి వైపు నడిచి మళ్ళీ దించింది. దారం మునిగింది. ఆమె వేళ్ళు మునిగాయి. ఇంకా నాలుగంగుళాలు పోయాక గానీ కమ్మీ కింది రేకును తాకలేదు.

కాంక్రీటు ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది. కిందికి దిగుతోంది.

నిచ్చెన మీద రెండేసి మెట్లు దిగి బాదుల్లోకి దూరింది. నైరుతి మూలలో మస్తాన్, అతని మనుషులు ముగ్గురు చెమటతో తడిసి ముద్దయ్యారు. బాదు అడుగున చెక్కముక్క పెట్టి సుత్తితో కొడుతున్నాడు మస్తాన్. కొట్టిన కొద్దీ చెక్క లోపలికి పోతోంది, బాదు పైకి లేవడం లేదు. మొన్న వేసిన పలకలు కనపడలేదు. గ్రావెల్ మింగేసింది.

“అన్నా, బయటికి రండి. అందరూ.”

“ఇంకో రెండు బాదులు పెడితే నిలబడతాది.”

“నిలబడదు. పైన తొమ్మిదంగుళాలు ఉంది.”

సుత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. “పైన పని నడుస్తా ఉండంగా సెంట్రింగ్ మేస్త్రీ బయటికొచ్చినాడంటే రేపట్నించి నాకెవురూ ఒక రేకు కూడా ఇయ్యరు పాపా. ఆఖరి తట్ట పడి, పైన మట్టం చేసిందాకా మేస్త్రీ కిందనే ఉండాల. మా నాయన అట్టనే చేసినాడు. పని అయిపోయిందను, వస్తా. అప్పుడుదాకా నన్ను పిలవబాక.”

ఆమె బయటికొచ్చి నిలబడింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర లిదియమ్మ బిందె నింపుతోంది. కూలికొచ్చిన ముసలామె, కృపారాణి వాళ్ళ చర్చి సంఘం మనిషే. తల ఎత్తకుండా, బిందెతో మాట్లాడుతున్నట్టు అంది.

“ఆ మూల బాయి ఉన్నింది పాపా. మొన్న వానలప్పుడు ట్రాక్టర్లు పెట్టి పూడ్చినారు. నేను చెప్పినానని అనబాక. రామనారాయణ అయ్య కయ్యల్లోనే కూలి చేసుకుని బతుకుతా ఉండాను.”

రామనారాయణ షామియానా కింద లేడు. హాలు వెనక, ఎవరూ లేని చోట, నైరుతి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్ళి అడిగింది.

“ఆ మూల బావి ఉందా సార్?”

“ఎవురు చెప్పినారు?”

“బాదులు భూమిలోకి పోతున్నాయి. నలుగురు మనుషులు కింద ఉన్నారు.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “అమ్మాయ్, నైరుతిలో బాయి ఉన్న మండపంలో ఎవురైనా పెళ్ళి చేస్తారా? మీకు లేకపోవచ్చు, మాకుండాది పట్టింపు. ఆ మాట ఒక్కరి నోట్లో పడిందంటే ఈ హాలు గొడ్ల చావిడికి కూడా పనికిరాదు. నూరు ట్రాక్టర్ల గ్రావెల్ పోసినాను. గట్టిపడింది. నీ లెక్క తప్పింది, అంతే. లారీ తెప్పించి పూర్తి చెయ్.”

పెంచలప్రసాద్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన చివరిదాకా కూడా వినలేదు.

“బాయా? కట్టించే ఆసామికి తెలీదా, కొలిచిన దానివి నీకు తెలీదా, ఇప్పుడే కనపడిందా? లెక్క తప్పినందుకు కొత్త కథ చెప్పబాక.”

“ఒక్కసారి కిందికి వచ్చి చూడండి సార్.”

“లారీ వచ్చినాక చూస్తా.”

లారీ రావడానికి గంటన్నర. వచ్చాక పోయడానికి ఇంకొంతసేపు. అంతవరకూ మస్తాన్ కిందే ఉంటాడు. లారీ వస్తే ఆ మూల మీద ఇంకో ఏడెనిమిది టన్నుల బరువు పడుతుంది. ఆమె ఆ లెక్క కూడా వేసింది. అది కూడా తప్పలేదు.

పంపు వెనక్కి వెళ్ళి ఫోన్ చేసింది. “దయాసాగరన్నా, లారీ కదిలిందా?”

“గేటు దగ్గరుండాది.”

“వద్దు. ఆపెయ్యండి. ఇక్కడ సరిపోయింది.”

“నిజంగానా?”

“ప్లాంటు కడిగేసుకోండి.”

తిరిగి వచ్చి నిచ్చెన ఎక్కింది. అందరికీ వినపడేలా చెప్పాలి. పైకి పొడుచుకొచ్చిన కమ్మీ పట్టుకుని నిలబడింది.

“లారీ రాదు. ప్లాంటు మూసేశారు. లెక్క నాదే తప్పు. బీముల దగ్గర పొరబడ్డాను. ఇక్కడితో ఆపి, అంచుకి పలక కొట్టెయ్యండి. పని అయిపోయింది.”

ఎవరో నవ్వారు. ఎవరో “టైపు కొట్టే పిల్లను తెచ్చి స్లాబు మీద నిలబెట్టినాడు” అన్నారు. పెంచలప్రసాద్ తల మీది టోపీ తీసి పచ్చి కాంక్రీటులోకి విసిరాడు. “పో. నా కళ్ళ ముందు నిలబడబాక,” అన్నాడు. ఆమె కదల్లేదు. అంచుకి పలక పడి, పనివాళ్ళంతా స్లాబు దిగేదాకా అక్కడే నిలబడి, నిచ్చెన మీదినుంచి కిందికి వంగి పిలిచింది.

“మస్తానన్నా, పని అయిపోయింది. ఆఖరి తట్ట పడింది.”

మస్తాన్ బయటికొచ్చి నడుము నిటారుగా చేసుకున్నాడు. అతని వెనకే ముగ్గురూ వచ్చారు. స్లాబు దిగ్విజయంగా ముగిస్తే మేస్త్రీకి యజమాని కొత్త తువ్వాలు కప్పాలి. రామనారాయణ చేతిలో తువ్వాలు ఉంది గానీ ఆయన ఇటు తిరగలేదు. మస్తాన్ కాసేపు ఎదురు చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

బిర్యానీ ఆకుల్లో వడ్డిస్తున్నారు. మొదటి ముద్ద నోట్లోకి పోకముందే హాల్లోంచి ఎండుకట్టెలు విరిచిన శబ్దం వచ్చింది. తర్వాత ఒక బరువైన నిట్టూర్పు. దుమ్ము షామియానా దాకా వచ్చింది.

నైరుతి మూల లేదు. కమ్మీలు వలలాగా వేలాడుతున్నాయి. పచ్చి కాంక్రీటంతా కింద పడి, విరిగిన బాదుల మీద, మెత్తటి నేల మీద చదునుగా పరుచుకుంది.

ఎవరూ చావలేదు. ఆ మాట ఎవరూ అనలేదు కూడా. ముందుగా నోరు తెరిచింది రామనారాయణ. “లెక్క తప్పేసి సగంలో ఆపితే అతుకు కాడ విరగదా? మేస్త్రీ కింద కాపలా ఉండకుండా కూడుకి లేస్తే బాదులు నిలబడతాయా?”

మస్తాన్ ముఖంలో రక్తం లేదు. కృపారాణిని చూశాడు. “నువ్వు రమ్మంటేనే గదా నేనొచ్చింది,” అన్నాడు.

చీకటి పడకముందే ట్రాక్టర్లు వచ్చి ఆ మూలంతా గ్రావెల్ కప్పేశాయి.

సాయంత్రం ఆఫీసులో పెంచలప్రసాద్ ఆమెని కూర్చోమనలేదు.

“దయాసాగర్‌కి ఫోన్ చేసినా. ప్లాంటు మూయలేదంట. నువ్వే వద్దన్నావంట.”

“అవును సార్. లారీ వస్తే మస్తాన్ అన్న బయటికి వచ్చేవాడు కాదు. లెక్క తప్పలేదు. అక్కడ బావి ఉంది.”

“లెక్క తప్పని నలభై మంది ముందర చెప్పినావు. ఇప్పుడు ఒప్పంటున్నావు. లారీ రాదని చెప్పినావు, నువ్వే ఆపినావు. ఇంక బాయి ఉండాదంటే నేను నమ్మాలా?” బల్ల మీది తాళాలు తీసుకున్నాడు. “నీకు లెక్కలు రాకపోతే నేర్పించేవాణ్ణి మ్మే. అబద్ధాలు చెప్పేదాన్ని ఏ ప్లాంటోడూ నమ్మడు, ఏ మేస్త్రీ నమ్మడు. ఇంకెక్కడికీ పోబాక, ఇంట్లో ఉండు.”

ఇంట్లోనే ఉంది. ఆత్మకూరులో వాళ్ళ వీధిలోకి కబురు ఆమెకన్నా ముందే చేరింది. మస్తాన్‌కి ఫోన్ చేస్తే ఎత్తి, ఆమె గొంతు విని పెట్టేశాడు. అతని పేరు చెడి, అనంతసాగరంలో ఒప్పుకున్న ఇంటి పని కూడా చెయ్యిజారిందని ఎవరో చెప్పారు. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, మూసిన కళ్ళతో హాలును మళ్ళీ మళ్ళీ కొలిచింది. ప్రతిసారీ నలభయ్యే వచ్చింది.

మూడో రోజు దయాసాగర్ ఫోన్ చేశాడు.

“నీ మీద కోపంగా ఉండాది నాకు. అయినా అడుగుదామని చేసినా. ఉదయగిరి మూలకి రేపటికి మళ్ళీ ఆర్డరొచ్చింది. విరిగింది కోసేసినారంట. కలిగిరి మేస్త్రీ, నారాయణయ్యంట, సెంట్రింగ్ కొడతన్నాడు. నాలుగు చాలంటన్నాడు ప్రసాద్. సరిపోతాదా? మళ్ళీ నా లారీ ఆడికొచ్చి నిలబడకూడదు.”

ఆమె లేచి కూర్చుంది. “నాలుగేనా?”

“నాలుగే.”

“ఇంతకుముందు వేరేగా ఏమైనా పంపారా? కిందికి, పునాదికి?”

“ఒక్క తట్ట కూడా పోలేదు.”

నాలుగు క్యూబిక్ మీటర్లు పైకప్పుకి సరిగ్గా సరిపోతుంది. భూమిలోకి ఏమీ మిగలదు. అంటే కింద ఏమీ చేయలేదు. అదే గ్రావెల్. అదే మూల. ఈసారి నారాయణయ్య.

ఆమె చెప్పిన అబద్ధమే ఆ బావికి మూతగా పనికొచ్చింది.

తెల్లవారి మొదటి బస్సుకి ఉదయగిరిలో దిగింది. సైటు గేటు దగ్గర పెంచలప్రసాద్ మనిషి అడ్డం వచ్చాడు. “నిన్ను రానీవద్దన్నారు.” ఆమె అతని పక్కనుంచి నడిచింది. చెయ్యి వేసి ఆడపిల్లను ఆపడానికి అతనికి ధైర్యం చాలలేదు.

నారాయణయ్య కొత్త బాదుల మధ్య బీడీ కాల్చుకుంటున్నాడు. బక్కపలచని మనిషి. ఆమెని చూసి కళ్ళు చిన్నవి చేశాడు.

“లెక్క తప్పేసిన పిల్లవి నువ్వేనా?”

“లెక్క తప్పలేదు. మీరు నిలబడ్డ చోట బావి ఉంది.”

పంపు దగ్గర ఉన్న పెంచలప్రసాద్, కుర్చీలో ఉన్న రామనారాయణ ఒకేసారి లేచారు. పనివాళ్ళు తట్టలు దించారు.

“దీన్ని బయటికి పంపండ్రా,” అన్నాడు పెంచలప్రసాద్.

“నా మాట నమ్మొద్దు,” అంది నారాయణయ్యతో. “నేను ఒకసారి అబద్ధం చెప్పాను. మీ గడ్డపార ఉంది కదా. మీరే దించి చూడండి.”

నారాయణయ్య బీడీ పారేశాడు. కొత్త గ్రావెల్ చేత్తో తోసి, పాత కాంక్రీటు పెచ్చు కనపడేదాకా గీకి, దాని పక్కన గడ్డపార ఎత్తి వేశాడు. మూరెడు దిగింది. ఊపి మళ్ళీ నొక్కాడు. ఈసారి రెండు చేతులతో, బరువు వేయకుండానే. గడ్డపార అతని పిడికిలి దాకా పోయింది. చప్పుడు లేదు.

అతను దాన్ని అట్టే వదిలేసి, మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. తన మనుషులకి చేత్తోనే సైగ చేశాడు. వాళ్ళు ఒక్కొక్కరే బాదుల్లోంచి బయటికొచ్చారు.

“ఏందిది అయ్యా?” అన్నాడు రామనారాయణతో.

“ఏదో పాత గుంట. ఎలుకల బొక్క.”

“బాయే,” అంది లిదియమ్మ.

కూలీల వరసలోంచి వచ్చింది ఆ మాట. ఆమె చేతిలో ఖాళీ తట్ట ఉంది. దాన్ని నేల మీద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. రామనారాయణ ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూసింది, కళ్ళు దించలేదు.

“బాయే అయ్యా. నా చిన్నప్పుట్నించి ఉండాది.”

పెంచలప్రసాద్ గడ్డపార దాకా రాబోయి ఆగాడు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. ఆ రోజు మస్తాన్ ఎక్కడ కూర్చుని ఉన్నాడో ఆయనకి తెలుసు. సరిగ్గా ఆ గడ్డపార ఉన్న చోట.

“ఇది రాళ్ళూ కాంక్రీటూ వేసి అడుగునించి నింపితే గానీ నేను ఒక్క బాదు నిలబెట్టను,” అన్నాడు నారాయణయ్య. “ఎంత పడతాదో లెక్క చెప్పండి. మధ్యలో అయిపోయింది, ఆగిందంటే కుదరదు.”

పెంచలప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. కృపారాణి వైపు తిరగకుండానే అడిగాడు. “ఎంత పడతాది?”

“లోతు తెలియాలి.”

నారాయణయ్య లిదియమ్మని అడిగాడు. “ఎంత లోతవ్వా?”

“నాకేం తెల్సు నాయనా? మమ్మల్ని ఒడ్డు దాకా రానిచ్చినారా? దూరంగా నిలబడితే పైనించి పోసేవోళ్ళు, దోసిలి పట్టి తాగేవోళ్ళం. లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూళ్ళేదు.”

అందరూ రామనారాయణ వైపు తిరిగారు. ఆయన తెల్లచొక్కా జేబులోంచి చేతిరుమాలు తీశాడు, ముఖం తుడుచుకోలేదు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మీద ఆత్మకూరు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. కూలీలు కదల్లేదు. ఇంక అక్కడ ఆ మాట చెప్పకుండా ఒక్క బాదు కూడా లేవదని ఆయనకి అర్థమైంది.

“నలభై రెండడుగులు,” అన్నాడు నేలను చూస్తూ. “మా తాత తవ్వించింది.”

కృపారాణి సంచిలోంచి సుద్దముక్క తీసి, పక్కనే ఉన్న పిల్లరు మీద ఆ అంకె వేసింది.

“వెడల్పు?” అంది.